పక్షవాతానికి నొప్పి ఉండదు, చిక్కంతా అక్కడే

"ఏటీ నేదు, సెయ్యి తిమ్మిరెక్కినాది. కాసేపు తొంగుంటే అదే తగ్గిపోద్ది."

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పక్షవాతం చాలాసార్లు ఈ మాటతోనే మొదలవుతుంది. అన్నది అరవై దాటిన మనిషి, విన్నది కోడలో పక్కింటావిడో. పొద్దున్నుంచీ కళ్లంలో వంగి పనిచేసిన చెయ్యి తిమ్మిరెక్కడంలో వింతేముంది అనుకుంటారు. చాప వేస్తారు, దుప్పటి కప్పుతారు. సాయంత్రం లేపబోతే ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయి ఉంటాయి. పరుగు అప్పుడు మొదలవుతుంది. అప్పటికి మందు పనిచేసే వేళ దాటిపోయి ఉంటుంది.

తేలు కుడితే వీధంతా లేస్తుంది. గుండెపోటొస్తే మనిషి ఛాతీ పట్టుకుని చెమటతో తడిసిపోతాడు, ఎవరూ చెప్పకుండానే బండి వచ్చేస్తుంది. పక్షవాతంలో ఆ కేక ఉండదు. ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా మెదడే కనిపెడుతుంది గానీ, తనలోనే ఒక ముక్క చచ్చిపోతుంటే ఆ నొప్పి తెలిసే నరాలు దానికి లేవు. మెదడులో రక్తస్రావమైనప్పుడు భరించలేని తలనొప్పి రావచ్చు. ఎక్కువమందికి మాత్రం నొప్పి అన్నదే ఉండదు.

ఇంకో చిక్కుంది. మెదడు కుడిభాగం దెబ్బతిన్నవాళ్లలో కొందరికి తమ ఎడమ చెయ్యి పడిపోయిన సంగతే తెలియదు. "చెయ్యెత్తమ్మా" అంటే "ఎత్తాను కదా" అంటారు. ఆ చెయ్యి తమది కాదని వాదించే రోగులూ ఉంటారు. అది మొండితనం కాదు, జబ్బులో భాగమే. కాబట్టి "నాకేటీ కానేదు" అన్న మాట పట్టుకుని ఆగిపోకూడదు. ఈ జబ్బును కనిపెట్టాల్సింది పక్కనున్న మనిషి. నేనిది రాస్తున్నది ఆ పక్కనున్న మనిషి కోసం.

లోపల జరిగేది

ఒంటి బరువులో మెదడు రెండు శాతమే. కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు దానికే కావాలి. దాచుకునే చోటు లేదు కాబట్టి రక్తం ఆగితే నిమిషాల్లోనే గతి తప్పుతుంది.

వంశధార కాలువ కింద సాగుచేసేవాళ్లకు ఆ తర్వాతి కథ ఇట్టే బోధపడుతుంది. పిల్లకాలువలో పూడిక పడి నీరాగిపోయిందనుకోండి. దాని కిందున్న మడులు ముందు ఎండిపోతాయి. వాటి అంచున ఉన్న మడులకు పక్క బోదెల నుంచి కాస్త చెమ్మ ఊరుతూ ఉంటుంది. పైరు తల వాల్చేస్తుంది గానీ చావదు. ఆలోగా పూడిక తీస్తే మళ్లీ నిలబడుతుంది. మెదడులోనూ ఇంతే. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే నట్టనడిమి భాగం త్వరగా చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్న పెద్ద భాగం పక్క నాళాల్లోంచి అందే కొద్దిపాటి రక్తంతో కొన్ని గంటలు ప్రాణం పట్టుకుని ఉంటుంది. చెయ్యి లేవకపోతే "చెయ్యి పోయింది" అనేస్తాం. నిజానికి ఆ చేతిని ఆడించే కణాలు చాలావరకు ఇంకా బతికే ఉండొచ్చు, పని మాత్రం ఆపేశాయి. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్కగట్టారు. చికిత్స అంతా ఆ మిగిలిన భాగాన్ని దక్కించుకోవడం కోసమే.

ఇది పూడిక రకం. మన దేశంలో పది పక్షవాతాల్లో ఏడెనిమిది ఇలాంటివే. మిగతావి గండి రకం: నాళం చిట్లి రక్తం మెదడులోకి చిమ్ముతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే మూతి వంకర, అదే పడిపోయిన చెయ్యి. ఎంత అనుభవమున్న డాక్టరైనా సీటీ స్కాన్ లేకుండా ఇది పూడికా గండా అని కచ్చితంగా చెప్పలేడు. పూడికకు గడ్డ కరిగించే మందు సంజీవని. అదే మందు గండి పడినచోట ఇస్తే ప్రాణం తీస్తుంది. గుండెనొప్పి వస్తే ఆస్పిరిన్ నమలమని అందరూ వినే ఉంటారు. ఆ సలహా ఇక్కడ పనికిరాదు. స్కాన్ కాకముందు రక్తం పలచబరిచే మాత్ర ఏదీ వెయ్యకూడదు.

కనిపెట్టడం ఎలా

ముఖం, చెయ్యి, మాట. ఈ మూడూ చూడటానికి ఒక్క నిమిషం చాలు. అయితే ఎలా చూడాలో తెలియాలి, ఎందుకంటే నిమ్మళంగా కూర్చున్న మనిషిలో తేడా కనబడకపోవచ్చు.

నవ్వమంటే పెద్దవాళ్లు నవ్వరు. "పళ్లు చూపించు" అనండి. ఒక పక్క పెదవి పైకి లేచి, రెండో పక్క అలాగే ఉండిపోతే, బుగ్గమీది గీత ఒక వైపు చెరిగిపోయినట్టుంటే, అది చాలు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు ఆకాశం చూసేలా పెట్టి, కళ్లు మూసుకుని పది లెక్కపెట్టేదాకా ఉంచమనండి. బలం తగ్గిన చెయ్యి ఒక్కసారిగా పడిపోదు. ముందు అరచెయ్యి మెల్లగా లోపలికి తిరుగుతుంది, ఆ తర్వాత చెయ్యి కిందికి జారుతుంది. ఆ చిన్న తిరుగుడు చూసి పట్టుకోగలిగితే అర్ధగంట ముందే బయల్దేరొచ్చు.

మాట దగ్గర చాలామంది పొరపడతారు. నాలుక మొద్దుబారినట్టు ముద్దగా మాట్లాడితే ఎవరైనా గుర్తుపడతారు. ఇంకో రకం ఉంది: ఉచ్చారణ బాగానే ఉంటుంది, మాటలే తప్పుతాయి. మంచినీళ్లు అడగాలనుకుని గొడుగు అంటారు. మనం చెప్పింది అర్థం కాదు. అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. దీన్ని తాగిన మైకమనీ, గాలి సోకిందనీ, వయసొచ్చి మతి తప్పిందనీ అనుకుని, పూజారి దగ్గరికో భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్తారు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి ఇవాళ ఉన్నపళంగా ఇలా మాట్లాడితే ముందు అనుమానించాల్సింది మెదడునే. "రేపు సంతకెళ్లి కూరగాయలు తెస్తాను" లాంటి మామూలు వాక్యం చెప్పి, తిరిగి అనమనండి.

ఈ మూడింటికీ చిక్కని పక్షవాతాలు ఉన్నాయి. మెదడు వెనుకభాగంలో వచ్చేవాటిలో కొన్నిసార్లు ముఖం వంకరపోదు, చెయ్యి పడదు. ఉన్నట్టుండి లోకమంతా గిర్రున తిరుగుతుంది, వాంతులవుతాయి, నిలబడితే ఒక పక్కకి ఒరిగిపోతారు. పైత్యమనీ గ్యాస్ అనీ మాత్ర వేసి పడుకోబెడతారు. కళ్లు తిరగడం అందరికీ వస్తుంది. కానీ పట్టుకున్నా నాలుగడుగులు వెయ్యలేకపోతున్నా, ఒకటి రెండుగా కనబడుతున్నా, ఒక కన్నో చూపులో ఒక పక్కో చీకటైపోయినా పడుకోబెట్టకండి. జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి ఒక్క క్షణంలో విరుచుకుపడినా అంతే. అన్నిటిలోనూ ఉమ్మడిగా ఉండేది ఒక్కటే: ఉన్నపళంగా రావడం.

మూతి వంకర విషయంలో ఊళ్లలో ఒక గందరగోళం ఉంది. ముఖానికి వెళ్లే నరం వాచినా మూతి వంకరపోతుంది. దాన్ని బెల్స్ పాల్సీ అంటారు. అది పక్షవాతం కాదు, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అందులో నుదురు కూడా ముడతపడదు, ఆ పక్క కన్ను మూతపడదు. పక్షవాతంలో సాధారణంగా నుదురు బాగానే ఉండి, కింది సగమే జారుతుంది. ఈ తేడా చెప్పింది ఇంట్లో తేల్చుకుని ఊరుకోమని కాదు. "మా తమ్ముడికీ ఇలాగే మూతి వంకరపోయింది, మందు రాస్తే తగ్గిపోయింది" అనేవాళ్ల మాట ఎక్కడినుంచి వస్తుందో తెలియడానికే. తేల్చడం డాక్టరు పని.

వచ్చి పోయిన పక్షవాతం

పావుగంట మాట పడిపోయి తిరిగొచ్చేసింది. చెయ్యి పడిపోయి, ఆటో ఎక్కేలోగా మళ్లీ లేచింది. అమ్మవారి దయ అని కొబ్బరికాయ కొడతారు. కొట్టండి, తప్పులేదు, కానీ ఆసుపత్రికి వెళ్లే దారిలో కొట్టండి. గడ్డ వచ్చి, అడ్డుపడి, దానంతటది కరిగిపోయిందన్నమాట. ఆ గడ్డ పుట్టిన చోటు మాత్రం అలాగే ఉంది. సకాలంలో వైద్యం అందకపోతే ఇలా వచ్చిపోయినవాళ్లలో పదిమందికి ఒకరికి మూడు నెలల్లో పూర్తి పక్షవాతం వస్తుంది, అందులోనూ సగం మొదటి రెండు రోజుల్లోనే. వెంటనే మందులు మొదలెడితే ఆ ప్రమాదం ఎనభై శాతం దాకా తగ్గిందని ఇంగ్లండ్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనం చూపించింది. ఈ జబ్బులో దేవుడిచ్చే అవకాశం అంటూ ఒకటుంటే అది ఇదే. లక్షణం పోయింది కదా అని ఇంటికి తిరిగొచ్చేసేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది.

గంటలు ఎక్కడ కరిగిపోతున్నాయి

గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. ఆ లెక్క మనం చూసిన నిమిషం నుంచి కాదు, ఆ మనిషి చివరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన వేళ నుంచి మొదలవుతుంది.

టెక్కలి పక్క పల్లె అనుకుందాం. ఉదయం ఏడింటికి చేతిలో టీ గ్లాసు జారింది. ఎనిమిదింటికి ఆర్‌ఎంపీ వచ్చి చూశాడు, బీపీ 190 ఉంది. తగ్గడానికి నాలుక కింద మాత్ర పెట్టి, గ్లూకోజు సెలైన్ ఎక్కించాడు. పదింటికి సెలైన్ అయింది, చెయ్యి లేవలేదు. ఆటో మాట్లాడి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లారు, అక్కడ స్కాన్ లేదు. పన్నెండింటికి శ్రీకాకుళం చేరారు, స్కాన్ అయ్యేసరికి పన్నెండున్నర. గడువు పదకొండున్నరకే అయిపోయింది. ఇందులో చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లెవరూ లేరు. అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. ఆ చేయడంలోనే పొద్దు గడిచిపోయింది.

నాలుక కింద పెట్టిన ఆ మాత్ర, ఆలస్యం చాలదన్నట్టు, ఇంకో చెరుపు చేస్తుంది. పక్షవాతం వచ్చిన గంటల్లో బీపీ పెరగడం మామూలే. అడ్డంకి దాటి రక్తం పంపడానికి శరీరం చేసే ప్రయత్నం అది. దాన్ని ఒక్కసారిగా దించేస్తే కొన ఊపిరితో ఉన్న భాగానికి అందే ఆ కాస్త రక్తమూ ఆగిపోతుంది. ఆసుపత్రిలో కూడా ఇంజెక్షన్ ఇవ్వడానికి 185/110 కంటే కిందికి, అదీ జాగ్రత్తగా, దించుతారు. ఆర్‌ఎంపీని తప్పుపట్టి లాభం లేదు. రాత్రీ పగలూ పిలిస్తే పలికేది ఆయనే. ఆయన ఒక్క ఇంజెక్షనూ వెయ్యకుండా "ఇది పక్షవాతం, ఇప్పుడే బయల్దేరండి" అంటే, అంతకంటే పెద్ద వైద్యం లేదు.

ఇంట్లో చేయకూడనివి మరికొన్ని. నీళ్లు, కాఫీ, పసరు ఏదీ నోట్లో పొయ్యకండి. మింగే శక్తి పోయి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది. వేలి కొసలు సూదితో గుచ్చి రక్తం తీస్తే తగ్గిపోతుందని ఫోన్లలో తిరిగే సందేశం పచ్చి అబద్ధం. వాంతి అవుతున్నా, మగతగా ఉన్నా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. షుగర్ ఉన్నవాళ్లైతే, ఇంట్లో మీటరుంటే, బండి వచ్చేలోగా ఒక చుక్క తీసి చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది, ఆ సంగతి ఆసుపత్రిలో చెబితే వాళ్లకు దారి దొరుకుతుంది.

108కి ఫోన్ చేసినప్పుడు "మనిషి పడిపోయాడు" అని ఊరుకోకండి. "పక్షవాతం అనుమానం, ఏడింటికి మొదలైంది, స్కాన్ ఉన్నచోటికి తీసుకెళ్లండి" అనండి. అసలు ఆ చోటు ఏదో ఆపద రాకముందే తెలుసుకుని ఉంచుకోవడం మేలు. మీకు అందుబాటులో ఉన్న పెద్ద ఆసుపత్రికి ఒకసారి ఫోన్ చేసి రెండు మాటలు అడగండి: రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీస్తారా, పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా. విజయనగరం వాళ్లకు విశాఖ రోడ్డు గంటన్నర. ఇచ్ఛాపురం, కవిటి వాళ్లకు శ్రీకాకుళం కంటే సరిహద్దు అవతల బరంపురమే దగ్గర, అక్కడ మెడికల్ కాలేజీ ఉంది. జిల్లా మనది కాదు, రాష్ట్రం మనది కాదు అని ఆ వేళ ఆలోచించే పని లేదు. ఏ ఊరివాళ్లు ఎటు పోవాలో వాళ్లే ముందుగా తేల్చుకోవాలి.

ఇక సంతకం సంగతి. స్కాన్‌లో గండి లేదని తేలాక డాక్టరు కుటుంబాన్ని పిలిచి, ఈ ఇంజెక్షన్ వల్ల మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదముందని చెప్పి సంతకం అడుగుతారు. అందరి ముఖాలూ పాలిపోతాయి. "పెద్దబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నాడు, వచ్చాక చెప్తాం" అంటారు. పెద్దబ్బాయి బస్సెక్కేసరికి వేళ దాటిపోతుంది. ప్రమాదం నిజమే. ఈ మందును నిలబెట్టిన 1995 నాటి అమెరికా పరిశోధనలో వందకు సుమారు ఆరుగురిలో అలా జరిగింది. దాన్ని కూడా కలుపుకుని లెక్కవేసినా లాభమే ఎక్కువని తేలింది. మొదటి గంటన్నరలో ఇస్తే నలుగురైదుగురిలో ఒకరు పెద్ద అవిటితనం లేకుండా బయటపడతారు. మూడు గంటలు దాటాక ఇస్తే పద్నాలుగు మందికి ఒకరు. మందు అదే, మోతాదు అదే. మారింది గంటలు మాత్రమే. కొన్ని చోట్ల గంటసేపు ఎక్కించే ఆల్టిప్లేస్ ఇస్తారు, కొన్ని చోట్ల ఒక్క సూదితో అయిపోయే టెనెక్టిప్లేస్.

గడువు దాటినా ఆశ వదలొద్దు. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేసే పద్ధతి ఉంది. ఆరు గంటల దాకా, కొందరిలో 24 గంటల దాకా పనిచేస్తుంది. మన వైపు వాళ్లకు దానికి దారి ఎక్కువగా విశాఖే. నిద్రలో వచ్చి తెల్లారాక బయటపడినవాళ్లలోనూ ప్రత్యేక స్కానుతో కొందరికి వైద్యం కుదురుతుంది.

నాటుమందు ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది

పావురం రక్తం పూస్తారు. వేడి రక్తం పడిపోయిన కాలికి జీవం పోస్తుందని నమ్మకం. దూరాన ఎక్కడో ఇచ్చే పసరు కోసం రోగిని రాత్రంతా జీపులో కుదిపి తీసుకెళ్తారు. నమ్మేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, వాళ్లు కళ్లారా చూశారు కాబట్టే నమ్ముతున్నారు. పసరు తాగిన మనిషి నెలకు లేచి నిలబడటం చూశారు. చూసింది నిజం. కారణమే వేరు. వాపు తగ్గి, పని ఆపిన కణాలు మేలుకుని, మెదడు కొత్త దారులు వెతుక్కోవడం వల్ల మొదటి మూడు నెలల్లో చాలామందికి కొంత బలం దానంతటదే తిరిగొస్తుంది. ఆ రోజుల్లో ఏది తాగినా దానికే పేరొస్తుంది. వచ్చిపోయే రకమైతే మరీను, ఒక్క గంటలో మహిమ కనబడుతుంది. తిరిగిరానివాళ్లు మంచానపడి ఇంట్లో ఉండిపోతారు కాబట్టి వాళ్ల కథ సంతలో ఎవరూ చెప్పుకోరు.

ఆ మూడు నెలల్లో నిజంగా పనికొచ్చేది ఫిజియోథెరపీ. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపకండి, భుజం కీలు జారుతుంది.

రాకుండా చూసుకోవడం

మన దేశం సహా 32 దేశాల్లో జరిగి 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పది పక్షవాతాల్లో తొమ్మిదింటి వెనుక మనం మార్చుకోగల కారణాలే ఉన్నాయి. వాటిలో పెద్దది బీపీ, దాదాపు సగం భారం దానిదే. దానికీ నొప్పి లేదు.

నొప్పి లేదు కాబట్టే మాత్ర మానేస్తారు. ఆశా కార్యకర్త చీటీ ఇస్తే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి నెల మాత్రలు తెచ్చుకుంటారు. పది రోజులు వేసుకున్నాక బీపీ 130కి దిగుతుంది. "తగ్గిపోయింది కదా, ఇంకెందుకు, అలవాటైపోతే జీవితాంతం వెయ్యాలట" అని డబ్బా గూట్లో పెట్టేస్తారు. తగ్గింది మాత్ర వల్లే. మానిన కొన్నాళ్లకే యథాస్థానానికి వెళ్తుంది. ఇంకొందరు ఆమ్లోడిపిన్ వేసుకుంటే కాళ్ల మడమల దగ్గర నీరు దిగిందని మానేస్తారు. అది ఆ మందుతో వచ్చే మామూలు ఇబ్బందే. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు, మానాల్సిన పని లేదు. పై అంకె పది తగ్గితే పక్షవాతం వచ్చే అవకాశం పావువంతు తగ్గుతుంది. ఇంత చవకగా ఇంత మేలు చేసే మాత్ర వైద్యంలో అరుదు.

చూపించుకునేటప్పుడు ఐదు నిమిషాలు కూర్చోండి. వీపుకు ఆనిక ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా బల్ల మీద ఉండాలి. అర్ధగంట ముందు చుట్టా కాఫీ వద్దు, కట్టిన పట్టీ బిగుస్తుండగా కబుర్లూ వద్దు. నడిచొచ్చిన ఆయాసంలో చూసిన అంకెకు విలువ లేదు. 140/90 దాటితే మరో రోజు మళ్లీ చూపించుకోండి.

ఉప్పు. రోజుకు మనిషికి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నౌపడ ఉప్పుమడుల పక్కన పుట్టి పెరిగినవాళ్లకు ఇది చెప్పడం కష్టమే. కూరలో వేసేది సరే, అసలు లెక్క తప్పేది ఎండుచేపల్లో, ఆవకాయలో, ఊరమిరపకాయల్లో, అప్పడాల్లో. చల్దన్నం మంచిదే, దాంట్లో కలిపే ఉప్పే ఎక్కువ. పొటాషియం కలిపిన, సోడియం తగ్గించిన ఉప్పు వాడితే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని చైనా పల్లెల్లో జరిగి 2021లో వెలువడిన పెద్ద పరిశోధనలో తేలింది. దుకాణాల్లో అది మనకూ దొరుకుతుంది. కానీ ఒక హెచ్చరిక, ఇది మన జిల్లాకే ముఖ్యం: ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఈ ఉప్పు తింటే పొటాషియం రక్తంలో పేరుకుని గుండె ఆగిపోవచ్చు. కిడ్నీ పరీక్ష చేయించుకోకుండా, డాక్టరును అడగకుండా అక్కడ ఎవరూ దానికి మారకూడదు. మామూలు ఉప్పే తగ్గించుకోవాలి. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కునే నొప్పి మాత్రలు కూడా అంతే, కిడ్నీని దెబ్బతీస్తాయి, బీపీని పెంచుతాయి. కిడ్నీ జబ్బు బీపీని పెంచుతుంది, బీపీ కిడ్నీని తింటుంది, రెండూ కలిసి పక్షవాతం దారి సుగమం చేస్తాయి.

తీరం వెంట పెద్దవయసు ఆడవాళ్లు కాల్చే అడ్డపొగ గురించి మాట్లాడితే అంగిట్లో పుండు, క్యాన్సర్ అనే చెబుతారు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చే ఆ పొగ రక్తనాళాలను కూడా గట్టిపరుస్తుంది. మానిన కొన్నేళ్లకు ఆ ముప్పు చాలావరకు దిగిపోతుంది, డెబ్బై ఏళ్లకు మానినా లాభమే.

పక్షవాతం ముసలివాళ్ల జబ్బు అనుకోవడం వల్ల పోతున్న ప్రాణాలున్నాయి. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వచ్చి గుండె కవాటం చెడినవాళ్లకు ముప్పయ్యేళ్లకే రావచ్చు. కవాటం చెడి గుండె లయ తప్పితే లోపల రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు ఎగురుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టి చూస్తే దెబ్బలు వరస తప్పి పడుతుంటాయి. వీళ్లకు రక్తం పలచబరిచే మాత్ర, దాని పరీక్ష, ఒక్క నెల కూడా తప్పకూడదు.

బాలింతల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. పచ్చి బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే ఒంటికి నీరు పడుతుందని గుటక గుటక లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాన్పు తర్వాత ఆరు వారాలు రక్తం సహజంగానే త్వరగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది. దానికి రక్తహీనత, దాహం తోడైతే మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే సిరల్లో గడ్డ పడుతుంది. రోజుల తరబడి తగ్గని తలనొప్పి, వాంతులు, ఆ తర్వాత మూర్ఛ, ఒక పక్క బలం తగ్గడం. దాన్ని బాలింత సన్నిపాతమనీ, దిష్టి అనీ అనుకుంటారు. వేళకు పట్టుకుంటే చాలామంది పూర్తిగా కోలుకునే జబ్బిది. అమ్మమ్మలూ, అత్తగార్లూ, ఆ పిల్లకు కడుపునిండా నీళ్లివ్వండి. పథ్యం ఏది పెట్టినా పెట్టండి, నీళ్లకు మాత్రం పథ్యం వద్దు.

షుగర్, మద్యం, నడక లేకపోవడం గురించి అందరికీ తెలిసిందే. చెయ్యాల్సిందీ తెలిసిందే.

చివరిగా, ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు. శ్రీకాకుళం పల్లెల్లో సగం తలుపుల వెనుక ఒక ముసలమ్మో ముసలాయనో ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లో, చెన్నైలో, విశాఖలో. పక్కన చూసే మనిషి లేనప్పుడు ఇప్పటిదాకా చెప్పినదంతా ఎవరు గమనించాలి? ఫోన్ చేసే కొడుకో కూతురో గమనించాలి. అమ్మ మాట ఇవాళ ముద్దగా వస్తోందా, ఒకటడిగితే ఇంకోటి చెబుతోందా, ఫోన్ పదేపదే చెయ్యిజారి పడుతోందా. అనుమానమొస్తే "పడుకోమ్మా" అనకుండా వెంటనే పక్కింటివాళ్లకు ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఉండి 108 కొడితే అది అక్కడి కేంద్రానికే వెళ్తుంది, కాబట్టి ఆ ఫోన్ ఊళ్లోవాళ్లే చెయ్యాలి. ఇద్దరు ఇరుగుపొరుగు నంబర్లు, ఆశా కార్యకర్త నంబరు మీ ఫోన్‌లో ఉండాలి. అమ్మ ఇంట్లో గోడకు ఒక కాగితం అంటించండి: వేసుకునే మాత్రల పేర్లు, షుగర్ ఉందో లేదో, కిడ్నీ జబ్బు ఉందో లేదో, రక్తం పలచబరిచే మందు వాడుతుందో లేదో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో. సంతకం అడిగితే నా కోసం ఆగకుండా పెట్టెయ్యమని మీ పేరు, నంబరు రాసి దాని కింద ఉంచండి.